మత్తు డాక్టరుతో మౌనం

ఆపరేషన్‌కి పదకొండు రోజులు

తలుపు దగ్గర పనిచేసేవాళ్ళకి రాయడం అలవాటు. ఎవరు అవతలికి వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు, గాలి ఒత్తిడి ఎంతుంది, అన్నీ పూటపూటకీ రాసిపెట్టాలి. సొరంగపేట తూర్పు తలుపు పద్నాలుగేళ్ళుగా నా చేతుల్లోనే ఉంది. ఈ పుస్తకం మాత్రం తలుపుది కాదు, నాది. భయం వేస్తోంది కాబట్టి రాస్తున్నాను. రాస్తే భయం తగ్గుతుందని కాదు, ఊరికే కూర్చుంటే మరీ పెరుగుతోంది.

పొద్దున్న డాక్టర్ కమలాకర్ గారు పిలిపించారు. నా పెద్దపేగులో గడ్డ ఉందట. క్యాన్సరే. దారి మూడొంతులు మూసుకుపోయింది, మిగతాది కూడా మూసుకుపోతే ఇక చేసేదేమీ ఉండదు అన్నారు. పెద్దూరు పోయే ఓడ రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. భూమిని మేం పెద్దూరు అంటాం. చంద్రుడి రాతి కింద ఆరువందల మందిమి బతుకుతున్న చోటికి పేట అని పేరు పెట్టుకున్నాక, దాన్ని అలా పిలవక తప్పలేదు.

"ఇక్కడే చేసేద్దాం పైడితల్లీ. మన టీమ్ ఉందిగా," అన్నారాయన.

"టీమెందుకండీ? కోసేది మీరే కదా."

"నేను కోసేవాణ్ణే. నువ్వు మళ్ళీ లేచి కూర్చోవాలంటే ఇంకో నలుగురు కావాలి." వేళ్ళు మడుస్తూ చెప్పారు. ముందూ వెనకా చూసుకునేది సిస్టర్ జమీలా. తీసిన ముక్కని అక్కడికక్కడే సూక్ష్మదర్శినిలో చూసి అంచుల్లో ఇంకా క్యాన్సర్ మిగిలిందో లేదో చెప్పేది సుబ్బరాయుడు. ఊపిరితిత్తుల్ని తయారుచేసి, తర్వాత నన్ను నడిపించేది ఓబులేసు. నాలుగో వేలు దగ్గర ఆగి, నా మొహం చూసి, "మత్తు ఇచ్చేది ఎస్తేరు రాణి," అన్నారు.

ఇంకెవరూ లేరా అని అడిగాను. సొరంగపేట మొత్తానికి మత్తు డాక్టరు ఒక్కరే అన్నారు. అది నాకు తెలియనిదేం కాదు. అయినా అడిగాను.

ఎస్తేరు రాణికీ నాకూ ఆరేళ్ళుగా మౌనం.

ఆపరేషన్‌కి పది రోజులు

పొద్దుటి షిఫ్టు చేశాను. తలుపు చుట్టూ ఉండే రబ్బరు అంచుకి నూనె రాశాను, బయటి నుంచి వచ్చినవాళ్ళ సూట్ల మీది దుమ్ము బ్రష్షుతో దులిపాను. వంగినప్పుడల్లా కడుపులో పోటు. రేపటి నుంచి సెలవు పెట్టమన్నారు. సెలవులో ఏం చేయాలి? కూర్చుని దాని గురించే ఆలోచించాలి. ఛీ, ఏం బతుకు.

మౌనం సంగతి రాయాలి. ఆరువందల మంది ఒకే గాలి పీల్చే చోట తగువు ముదిరితే అందరికీ ప్రమాదమే. అందుకని ఎంత చెప్పినా సర్దుకోనివాళ్ళతో పంచాయతీ మౌనం రాయిస్తుంది. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, మూడో మనిషి లేకుండా ఒకే గదిలో ఉండకూడదు. అవసరం పడితే మధ్యమనిషి మాటలు మోస్తాడు. ఎవరైనా ముందుగా నోరు విప్పితే, అసలు తగువులో తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు లెక్క, మౌనం అక్కడితో రద్దు. అందుకే రాయించుకున్నవాళ్ళు చచ్చినా నోరు విప్పరు.

మా తగువు ఇదీ. ఆరేళ్ళ కిందట తూర్పు తలుపు అవతల, బంగాళదుంప తోటల సొరంగంలో పైకప్పు పగిలింది. గాలి బయటికి పోవడం మొదలైంది. ఎర్రదీపం వెలిగాక తలుపు మనిషి ముప్పై అంకెలు లెక్కపెట్టి తలుపు మూయాలి, అదీ నియమం. నలభై నాలుగు మంది పరిగెత్తుకొచ్చారు. ఎస్తేరు భర్త దావీదు గొట్టాలు చూడటానికి చివరి మడి దాకా వెళ్ళాడు. నేను ముప్పై లెక్కపెట్టాను. మూశాను. అతను రాలేదు. మర్నాడు తెరిచి చూస్తే తలుపుని ఆనుకుని పడి ఉన్నాడు.

పంచాయతీలో ఎస్తేరు లేచి, "ఈమె ముందే మూసేసింది," అంది. నేను లేదన్నాను. కరెంటు పోయి గడియారాలు ఆగిపోయాయి కాబట్టి రుజువు ఎవరి దగ్గరా లేదు. మూడు రోజులు విచారించి చివరికి మౌనం రాయించారు.

ఇప్పుడు ఆ మనిషి చేతుల్లో నా ఊపిరి పెట్టి పడుకోవాలట.

ఆపరేషన్‌కి ఎనిమిది రోజులు

ఓబులేసు వచ్చాడు. చేతిలో పొడవాటి గాజు గొట్టం, లోపల మూడు రంగుల బంతులు. ఊదితే బంతులు లేవాలి.

"ఊదక్కా, ఇంగా ఊదు. అంతేనా నీ దమ్ము? తలుపుకాడ అరిసేటప్పుడు పేటంతా ఇనపడతాది గదా!"

"నోరు మూసుకోరా," అని ఊదాను. రెండు బంతులే లేచాయి. కడుపుకి దిండు అదుముకుని దగ్గడం కూడా నేర్పించాడు. కోసిన తర్వాత దగ్గు వస్తే ప్రాణం పోయినట్టుంటుందట, అయినా దగ్గాలట. దగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందట. ఆపరేషన్ అయిన మర్నాడే నన్ను మంచం దింపుతానని బెదిరించాడు.

సాయంత్రం జమీలా వచ్చి నా పొట్ట మీద సిరాతో గుండ్రంగా గుర్తు పెట్టింది. పేగుని కొన్నాళ్ళు బయటికి తీసి సంచి తగిలించాల్సి రావచ్చట. కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని, చీర కుచ్చిళ్ళు ఎక్కడ దోపుకుంటానో అడిగి మరీ పెట్టింది. ఏడుపొచ్చింది. ఆమె చూడనట్టు సిరా డబ్బా మూత బిగించుకుంటూ కూర్చుంది. మంచి పిల్ల.

"లోపల నేనుంటా కదా పైడితల్లక్కా. కోసే ముందు అందరం ఒకసారి ఆగుతాం. నీ పేరు, చేసే పని, ఎక్కడ కోస్తున్నాం, పైకే చెప్పుకుంటాం. ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆగమనొచ్చు. నేల తుడిచే ఆమె ఆగమన్నా కమలాకర్ సారు కత్తి కింద పెట్టాల్సిందే."

"ఎస్తేరు తప్పు చేస్తే ఎవరు ఆగమంటారు?"

జమీలా మొహం మాడిపోయింది. "ఆమె తప్పు చెయ్యదు," అంది.

పొరపాటున చెయ్యదు, అది నాకూ తెలుసు. కావాలని చేస్తే?

ఆపరేషన్‌కి ఏడు రోజులు

మత్తు డాక్టరు ముందుగా రోగితో కూర్చుని చాలా అడగాలట. మా మధ్య మౌనం ఉంది కాబట్టి ఎస్తేరు నడవా చివరి గదిలో కూర్చుంది, నేను ఈ చివరి గదిలో కూర్చున్నాను. జమీలా కాగితం పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. కట్టుడు పళ్ళున్నాయా? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? గురక పెడతావా? ఏ మందైనా పడదా? నేను లేదు, లేదు, లేదు అంటూ పోయాను. ఆవిడకి నా గురించి ఒక్క ముక్క ఎక్కువ చెప్పబుద్ధి కాలేదు. నా గురక సంగతి ఆవిడకెందుకు?

చివర్లో జమీలా కాగితం వంక కాసేపు చూసి, "మీవాళ్ళలో ఎవరికైనా మత్తుతో ఇబ్బందేమైనా అయిందా అక్కా?" అంది.

"లేదు," అన్నాను.

నా నాడి నిమిషానికి నూటపది ఉందట. ఎవరికుండదు?

ఆపరేషన్‌కి నాలుగు రోజులు

మా పిన్ని గౌరమ్మ జావ పట్టుకొచ్చింది. మా అమ్మ చెల్లెలు. ఇరవయ్యేళ్ళప్పుడు పెద్దూరి నుంచి ఇక్కడికొచ్చింది. డెబ్బై దాటినా యాస మాత్రం అక్కడిదే.

"ఏటే అలా సూత్తావు? రెండు గుక్కలు తాగు. ముకం పీక్కుపోనాది."

"భయంగా ఉంది పిన్నీ."

"భయమెందుకే? నవ్వుకుంటా ఎళ్ళు. మీ మావ అప్పల్నాయుడు నవ్వుకుంటానే..." అని చటుక్కున నోరు మూసుకుంది.

నేను వదల్లేదు. గట్టిగా అడిగితే చెప్పింది. మా మావ, అంటే మా అమ్మకీ పిన్నికీ అన్న, పెద్దూరిలో కడుపునొప్పికి ఆపరేషన్ చేయించుకున్నాడు. "మత్తు పీల్సిన కాసేపటికే దవడలు బిగిసిపోనాయంట. ఒళ్ళు పెనంలాగ కాలిపోనాదంట. మంచుగెడ్డలు పెట్టినా సల్లారనేదు. మరి బయటికి రానేదు. మా అమ్మకి మాత్రం గుండె ఆగిందని సెప్పినారు."

జావ గిన్నె నా చేతిలోంచి జారింది. నీళ్ళు కొలిచి ఇచ్చే ఊళ్ళో గిన్నెడు జావ నేలపాలైంది. పిన్ని తిట్టలేదు. తిట్టకపోయేసరికి భయం ఇంకా ఎక్కువైంది.

నేను లేదు అన్నాను. మీవాళ్ళలో ఎవరికైనా అని అడిగితే, లేదు అన్నాను.

ఆపరేషన్‌కి మూడు రోజులు

తెల్లారగానే జమీలాకి చెప్పాను. ఆమె మొహంలో రంగు పోయింది. దాచుకున్న కాగితం తీసి చూపించింది. ఎస్తేరు రాసిన ప్రశ్న ఇదీ: "రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తులో ఉండగా విపరీతమైన జ్వరం, దవడ బిగుసుకోవడం, హఠాత్తు మరణం?"

"నువ్వు అసలే వణికిపోతున్నావని, మరణం అనే మాట చదవలేకపోయానక్కా," అని ఏడ్చేసింది. "మెత్తగా అడిగాను. ఆమె రాసింది రాసినట్టు అడగాల్సింది."

మధ్యమనుషులంతా అంతే. మాట మోసేటప్పుడు ముళ్ళు తీసేస్తారు. మంచికే తీస్తారు. ఆరేళ్ళుగా మాకు అదే అలవాటు. గొడవ పెరగకుండా ఉండటానికి పెట్టుకున్న ఏర్పాటు అది. అదే నన్ను చంపబోయింది. ఆ పిల్లని తిట్టడానికి నోరు రాలేదు. అడిగిన ప్రతిదానికీ ఆలోచించకుండా లేదు లేదు అన్నది నేనే.

మావ సంగతి పట్టుకుని జమీలా నడవా చివరికి పరిగెత్తింది. పావుగంటకి తిరిగొచ్చింది, చేతిలో ఒక చీటీతో.

"ఏమంది?"

"రాసినదే చదువుతానక్కా, ఈసారి ఒక్క అక్షరం మార్చను." చీటీ మడత విప్పింది. "'మధ్యమనిషి మాట మీద నేను మత్తివ్వను. రోగి నా ఎదురుగా కూర్చుని నాతో నేరుగా చెప్పాలి. లేకపోతే ఈ ఆపరేషన్‌కి నేను ఒప్పుకోను.'"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా కూర్చుని నేను నోరు విప్పితే ఏమవుతుందో ఆవిడకి తెలియదా? తప్పు నాదని ఒప్పుకున్నట్టు. ఆరేళ్ళుగా కాచుకుని కూర్చుంది, నా పేగులో గడ్డ దొరికింది ఆవిడకి! నేరుగా కమలాకర్ గారి గదిలోకి వెళ్ళి అరిచాను. పీక పిసికి ఒప్పించుకుంటోందన్నాను. అంతకంటే పెద్ద మాటలు కూడా అన్నాను.

ఆయన అంతా విన్నారు. "అయిందా? కూర్చో," అన్నారు.

కూర్చున్నాను.

"నువ్వు నన్నే డాక్టరనుకుంటున్నావు. నేను మూడు గంటలు నీ కడుపులోకి తల వంచుకుని ఉంటాను. నీ మొహం కూడా నాకు కనపడదు. ఆ మూడు గంటలూ నీకు ఊపిరి పోసేది, నీ గుండె వినేది, నీ రక్తపోటు పట్టుకుని ఉండేది ఆవిడ. నేనేమైనా తెగగొడితే నీ ప్రాణం పోకుండా ఆపేది ఆవిడ. మీ మావకి వచ్చింది రక్తంలో వచ్చేదే అయితే, ఇక్కడ మనం వాడే మత్తు గాలి నీకు విషం. మొన్న నీ దగ్గర్నుంచి వచ్చిన 'లేదు' నమ్మి ఆవిడ ఆ గాలే సిద్ధం చేసింది. మీ మావ సంగతి విన్నప్పటి నుంచీ ముద్ద ముట్టలేదంటే నమ్ముతావా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మధ్యమనిషి లేకుండా వినాలని ఎందుకడుగుతోందో నువ్వే ఆలోచించు."

"ఆవిడే ముందు మాట్లాడొచ్చుగా?"

"మాట్లాడితే దావీదు ఆలస్యంగా వచ్చాడని ఒప్పుకున్నట్టు. చచ్చిపోయిన మొగుడి మీద తప్పు వేసుకోమంటావా?"

ఇంటికొచ్చాను. పడుకోలేదు, కూర్చోలేదు. గది మూడంగలే, అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. పది రోజులున్నప్పుడు రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. నా సొంత పుస్తకంలో కూడా అబద్ధమే రాశాను.

ఆపరేషన్‌కి రెండు రోజులు

పొద్దున్న ఎనిమిదింటికి నడవా చివరి గదికి వెళ్ళాను. జమీలా వెంట వచ్చింది. మూడో మనిషి లేకుండా ఉండకూడదు కదా, గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది.

ఎస్తేరు రాణి బల్ల వెనక కూర్చుని ఉంది. ఆరేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. ఎప్పుడూ ఎదురుపడగానే తల తిప్పుకునేవాళ్ళం కాబట్టి నేను సరిగా చూడనేలేదు. ఇప్పుడు తిప్పుకోలేదు. ఇంత భయం ఆ పగులు రోజున కూడా వేయలేదు. అబద్ధం. ఆ రోజూ ఇంతే వేసింది, అదే కదా అసలు సంగతి.

"ఇరవై ఒకటి," అన్నాను.

ఆవిడ ముందున్న కాగితం పక్కకి జరిపింది.

"ముప్పై లెక్కపెట్టలేదు. ఇరవై ఒకటి దాకానే లెక్కపెట్టాను. చెవులు దిబ్బెడపడ్డాయి. అందరూ వెనక నుంచి మూసెయ్ మూసెయ్ అని అరుస్తున్నారు. నాకు చచ్చేంత భయం వేసింది. మూసేశాను. వాళ్ళ కోసం కాదు, నా భయానికి మూశాను. పంచాయతీలో అబద్ధం చెప్పాను."

జమీలా ఊపిరి గట్టిగా పీల్చిన చప్పుడు వినబడింది. ఎస్తేరు ఆరేళ్ళలో మొదటిసారి నాతో మాట్లాడింది.

"దీపం కనిపించిందా?"

దావీదు నుదుటి దీపం గురించి అడుగుతోంది. లేదు అనొచ్చు. ఎవరికీ తెలియదు. ఎల్లుండి ఈవిడ ముందు స్పృహ లేకుండా పడి ఉండబోయేదాన్ని, లేదు అంటే సరిపోతుంది.

"కనిపించింది. మలుపు తిరిగి వస్తోంది. పరిగెడుతున్నాడు, దీపం ఊగుతోంది."

ఆవిడ లేచి గోడ వైపు తిరిగింది. వీపు కదులుతోంది. ఏడుపు చప్పుడు మాత్రం లేదు. నేను వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. జమీలా నా మోచెయ్యి పట్టుకుంది. గోడ మీది గడియారంలో ఐదు నిమిషాలు గడిచాయి. నేను చూస్తూనే ఉన్నాను, ఇంకెటు చూడాలో తెలియక.

తర్వాత ఎస్తేరు కొళాయి తిప్పి మొహం కడుక్కుంది. పావు గ్లాసు నీళ్ళు పోయి ఉంటాయి. బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని కలం మూత తీసింది.

"మీ మావయ్యకి జ్వరం ఎంతసేపటికి వచ్చింది?"

"అరగంట లోపే అన్నారు."

"ముందు దవడ బిగిసిందా, ముందు జ్వరం వచ్చిందా?"

"దవడ."

"మీకు ఎప్పుడైనా ఎక్కువ పనిచేస్తే కండరాలు పట్టేసి మూత్రం నల్లగా వచ్చిందా?"

ఒకసారి వచ్చింది. తోట శుభ్రం చేసిన ఏడాది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాను. గురక కూడా పెడతానని చెప్పాను. మెట్లెక్కితే ఆయాసం, కింది దవడలో ఊగే పన్ను, రాత్రుళ్ళు గొంతులోకి వచ్చే పులుపు, అన్నీ చెప్పాను. ఒకటిన్నర గంట పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు, ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

చివర్లో కలం మూత పెట్టింది. "గాలి వాడను. నరంలోంచే మత్తు ఇస్తాను. మిషన్‌లో పాత మత్తు వాసన కూడా లేకుండా కడగాలి, ఒక రోజంతా పడుతుంది. ఆ జ్వరానికి విరుగుడు మందు ఉత్తరపేట గిడ్డంగిలో ఉంది, బండి పంపించాలి. ఆపరేషన్ ఒక రోజు వెనక్కి జరుపుతున్నాం." తర్వాత జమీలా వైపు తిరిగి, "ఈమెని తీసుకెళ్ళండి సిస్టర్," అంది.

ఆపరేషన్ ముందు రోజు

ఇవాళ జరగాల్సిన ఆపరేషన్ రేపటికి వెళ్ళింది. ఉత్తరపేట బండి మధ్యాహ్నం వచ్చింది. నా తలుపులోంచే వచ్చింది. తలుపు దగ్గర ఇప్పుడు వేరే ఆమె ఉంది.

రేపు చనిపోతానేమో. ఎవరికీ చెప్పకుండా ఇక్కడ రాస్తున్నాను. ఇంతకుముందు గడ్డ అంటే భయం. ఇప్పుడు ఆవిడకి నిజం తెలుసు. నా భుజం దగ్గర సూది పట్టుకుని కూర్చునే మనిషికి, నీ మొగుడి దీపం చూసి కూడా తలుపు మూశానని నా నోటితో నేనే చెప్పాను. బుద్ధున్న మనిషి ఎవరైనా ఇలా చేస్తారా?

కమలాకర్ గారిని అడిగాను, ఆవిడ మీద ఎవరైనా కన్నేసి ఉంచుతారా అని. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. "ప్రతి మందూ పైకి చెప్పి ఇస్తుంది, జమీలా తిరిగి చదువుతుంది, మిషన్ రాసుకుంటుంది. నేను కోసే ప్రతి కోతా వాళ్ళు చూస్తారు. లోపల పెట్టిన గుడ్డలు లెక్క తేలకపోతే నన్ను కుట్లు వేయనివ్వరు. మా మీద మాకు నమ్మకం లేక కాదు. మనిషన్నాక చెయ్యి వణుకుతుంది," అన్నారు. వెళ్ళబోతూ ఆగి, "అయినా నీ భయానికి మందు లేదమ్మా. రేపు భయపడుతూనే రా," అన్నారు.

మిషన్ కడిగే గది ముందు నుంచి నడిచొచ్చాను. అద్దంలోంచి కనిపించింది. ఎస్తేరు పనివాళ్ళకి అప్పజెప్పకుండా తనే మోకాళ్ళ మీద కూర్చుని గొట్టాలు ఒక్కొక్కటే విప్పి మారుస్తోంది. నేను ఆగలేదు.

ఆపరేషన్ రోజు, పొద్దున్న

ఓబులేసు పొద్దున్నే వచ్చి మూడు బంతులూ లేపించాడు. "సెబాసక్కా," అన్నాడు. సుబ్బరాయుడిని ఇవాళే మొదటిసారి దగ్గరగా చూశాను. సిగ్గరి. తన గదిలోంచి తలుపు సందులో తొంగి చూసి, "నేను లోపలికి రాను. ముక్క నా దగ్గరికొస్తుంది. అంచు శుభ్రంగా ఉందని చెప్పేదాకా కుట్లు వేయొద్దని చెప్పాను," అని లోపలికి పోయాడు. పిన్ని గట్టిగా ఏడుస్తోంది. నన్ను నవ్వుకుంటా ఎళ్ళమన్నది తనే.

పిలుస్తున్నారు. పుస్తకం దిండు కింద పెడుతున్నాను.

తర్వాత మూడో రోజు

బతికే ఉన్నాను. కలం పట్టుకోగలిగింది ఇవాళే.

బల్ల మీద పడుకోబెట్టాక అందరూ ఆగారు. జమీలా నా పేరు అడిగింది, చెప్పాను. అందరూ తమ పేర్లు చెప్పారు. ఎస్తేరు నా తల వెనక నిలబడింది. తలకిందులుగా కనిపించిన ఆ మొహంలో ఏమీ కనిపించలేదు. "మత్తు ఎస్తేరు రాణి. ఈ రోగికి గాలి మత్తు నిషేధం. విరుగుడు నా కుడిచేతి పక్కన ఉంది," అంది. ఆ తర్వాత నా నరంలోకి ఏదో చల్లగా పాకింది. అప్పుడు ఏడ్చాను. వద్దు అని అరవబోయాను కూడా. అరిచానో లేదో తెలియదు.

తర్వాత ఎక్కడో అడుగున ఉన్నాను. గొంతులో మంట. ఛాతీ మీద బండ పెట్టినట్టుంది. ఊపిరి తీసుకోవాలని తెలుస్తోంది, తీసుకోవడం ఎలాగో మర్చిపోయాను. కళ్ళు తెరిస్తే ఎస్తేరు ఒక్కతే, ముసుగు దించుకుని, నా మొహం మీదికి వంగి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మిమ్మల్ని క్షమించాననుకోకండి," అంది. "ఊపిరి తీసుకోండి."

తీసుకున్నాను.

"ఇంకోటి."

ఇంకోటి తీసుకున్నాను. ఆవిడ ఒక్కో ఊపిరికీ తల ఊపింది. నా వంటి వేడి అరచేత్తో కూడా చూసింది, మిషన్ పక్కనే ఉన్నా. జ్వరం రాలేదు. నాలుగు గంటలు అక్కడే కూర్చుందని తర్వాత జమీలా చెప్పింది. వెళ్ళి అన్నం తినమంటే తినలేదట.

తర్వాత పదో రోజు

సుబ్బరాయుడి కాగితం వచ్చింది. అంచులు శుభ్రం. పక్కన తీసిన గ్రంథుల్లో రెండింటికి పాకింది, కాబట్టి మందు ఎక్కించాలి. సంచి మూణ్ణెల్లు ఉంటుంది. ఓబులేసు రోజూ నడవాలో నడిపిస్తున్నాడు, నేను రోజూ తిడుతున్నాను. తలుపు ఉద్యోగం పోయింది. పంచాయతీకి నేనే రాసిచ్చాను, ఇరవై ఒకటి అని. ఎస్తేరు అడిగి రాయించిందేమో అనుకున్నారు వాళ్ళు. కాదు.

మధ్యాహ్నం జమీలా ఇంకో కాగితం తెచ్చింది. ఎస్తేరు మళ్ళీ మౌనం రాయించుకుంది. ఈసారి జీవితాంతం. ఆవిడ సంతకం అప్పటికే ఉంది. రెండుసార్లు చదివాను. ఏం ఆశపడ్డానో నాకే తెలియదు. ఏదో ఆశపడ్డాను.

కింద అచ్చులో లేని రెండు వాక్యాలు ఆవిడ చేతిరాతలో ఉన్నాయి. "ఆస్పత్రి గోడల లోపల ఇది వర్తించదు. అక్కడ ఆమె నాకు అన్నీ నేరుగా చెప్పాలి, నేను ఆమెని అన్నీ నేరుగా అడుగుతాను."

సంతకం పెట్టాను. మందు ఎక్కించే గొట్టం ఛాతీలో పెట్టడానికి సోమవారం మళ్ళీ మత్తు ఉందని, నిన్నటి నుంచి నాకు కాస్త దగ్గు వస్తోందని గుర్తొచ్చింది. జమీలా కాగితం మడుచుకుంటూ, "డాక్టరు గారికి ఏమైనా చెప్పమంటావా అక్కా?" అని అడిగింది.

"వద్దు," అన్నాను. "సోమవారం నేనే చెప్తాను."